ఉత్త సూది

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల పట్టణాల్లో ఫిజియోథెరపీ చేస్తున్న వారికి బహిరంగ లేఖ

అయ్యలకూ అమ్మలకూ నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా అమ్మ జగిత్యాల దగ్గరి పల్లెలో నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. మా ఇద్దరి మెడల్లోనూ మీవాళ్ల సూదులు దిగాయి. నాకు మేలు జరిగింది. అమ్మకు ఒకచోట కీడు, మరోచోట మేలు. కండల నొప్పికి సూదులు గుచ్చే ఈ డ్రై నీడ్లింగ్ వద్దని చెప్పడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. వద్దంటే నా మెడే ఒప్పుకోదు.

ఏప్రిల్‌లో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే పని పడింది. పొద్దున కూర్చుంటే వంచిన తల సాయంత్రం దాకా ఎత్తేది లేదు. నాలుగో రోజుకు మెడ కుడివైపు పట్టేసింది. ఎవరైనా పిలిస్తే ఎడ్లబండిని మలిపినట్టు ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. బామ్ రాశాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. దిండు తీసేయమని ఒకరు, రెండు దిండ్లు పెట్టుకోమని ఒకరు చెప్పారు, రెండూ చేశాను. చివరికి మీలో ఒకరి దగ్గరకు వచ్చాను.

ఆ అమ్మాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, మెడకూ భుజానికీ మధ్య కండను వేళ్లతో తడుముకుంటూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ నొక్కగానే నొప్పి చెవి వెనక నుంచి కణత దాకా పాకింది. వారం రోజులుగా వేధిస్తున్న తలనొప్పికి పుట్టిల్లు అదేనని అప్పుడు తెలిసింది. కండను రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని సూది దింపింది. చర్మం దాటడం చీమ కుట్టినంత కూడా లేదు. లోపల కాస్త ముందుకూ వెనక్కూ కదిపేసరికి ఆ కండ గాలానికి పడ్డ చేపపిల్లలా ఒక్క ఎగురు ఎగిరింది. నేను తుళ్లిపడ్డాను. ఆమె మాత్రం “ఇదే రావాలి మేడం” అని సంతోషపడింది. మరునాడంతా అక్కడ ఎవరో పిడికిలితో గుద్దినట్టు సలిపింది. ఆ తరువాతి రోజు స్కూటీ మీద పోతుంటే వెనక లారీ హారన్ కొట్టింది. తల తిప్పి చూశాను. తిరిగింది. లారీ డ్రైవరుకు నమస్కారం పెట్టబోయి ఆగాను.

అలా రుచి మరిగి, మెడా ఎడమ భుజమూ నొప్పి పెడుతున్న అమ్మను కూడా సూదికి పంపాను. తప్పు నాది కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

అమ్మది ఊరు కాబట్టి దగ్గరలో ఉన్న పట్టణంలోనే ఒక కేంద్రానికి తమ్ముడు తీసుకెళ్లాడు. ఆ కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. పది సిట్టింగులకు డబ్బు ముందే కట్టించుకున్నారు. అమ్మను ఏమీ అడగలేదు. ఏం పని చేస్తావని అడగలేదు, ఏం మాత్రలు వేసుకుంటున్నావని అంతకన్నా అడగలేదు. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఆమె రక్తం గడ్డకట్టకుండా రోజూ క్లోపిడోగ్రెల్ మాత్ర వేసుకుంటుంది. స్టూలు మీద కూర్చోబెట్టి మెడ వెనక, భుజాల మీద ఎనిమిది సూదులు గుచ్చారట. ఎనిమిది అని ఆమె లెక్కపెట్టుకుంది. బీడీలు లెక్కపెట్టిన మనిషి. ఇంటికి వచ్చేసరికి భుజం మీద అరచేయంత మేర నేరేడుపండు రంగులో కమిలిపోయింది. పది రోజులు ఆ వైపు పడుకోలేదు. మాత్ర సంగతి తెలిసి ఉంటే మీలో ఎవరైనా తక్కువ సూదులతో మొదలుపెట్టేవారు, తీశాక ఎక్కువసేపు నొక్కి పట్టేవారు. ఒక్క ప్రశ్న. దానికి ఖర్చేముంది?

రెండో సిట్టింగుకు నేను వెంట వెళ్లాను. అల్మారాలోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం తీశారు. దాని మీద తెల్లటి టేపు, టేపు మీద నీలం ఇంకుతో అమ్మ పేరు. లోపల ఎనిమిది సూదులు. “మీ సూదులు మీకే అమ్మా, ఇంకొకరికి వాడం” అని ఎంతో గౌరవంగా చెప్పారు. అదేదో మాకు చేస్తున్న మర్యాద అన్నట్టు. ఆ గొట్టం పక్కన అలాంటివే ఇరవై దాకా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. కొన్నింటి మీద టేపు ఊడి వేలాడుతోంది. ఒకసారి ఒంట్లో దిగిన సూది గొట్టంలో పడుకుని శుభ్రపడదు. ఊడిన టేపు ఏ గొట్టానిదో రేపు పని చేసే కుర్రాడికి ఎలా తెలుస్తుంది? కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఇలాంటి గొట్టాల దారిలో కూడా ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. ఆ సూదులు ఒకసారి వాడి పడేయడానికి తయారైనవి. గుచ్చుకుపోని తెల్లటి డబ్బాలో వాటిని వేయాలని 2016 నాటి బయో మెడికల్ వ్యర్థాల నిబంధనలు కూడా చెబుతున్నాయి. కొత్త ప్యాకెట్ మా కళ్లముందు చింపండి. ఆ చిన్న చప్పుడు వినపడితే మాకు సగం భయం పోతుంది.

మేము కట్టిన డబ్బు వదులుకుని బయటకు వచ్చాం. బస్టాండులో టీ తాగుతుంటే అమ్మ అడిగింది: “సిరంజి లేదు, మందు లేదు. మరి ఉత్త సూది ఎందుకు గుచ్చినట్టు?”

ఈ ప్రశ్న దగ్గర నేను కాసేపు ఆగాలనుకుంటున్నాను. ఎందుకంటే మీ బోర్డుల మీద “డ్రై నీడ్లింగ్” అని తెలుగు అక్షరాల్లో రాసినంత మాత్రాన అది తెలుగు అయిపోదు. అమ్మ టీ గ్లాసు పట్టుకుని ఒక్క క్షణంలో పెట్టిన పేరు ఎంత బాగుందో చూడండి. ఉత్త సూది. లోపల రంధ్రం లేదు, వెనక మందు లేదు. అంతే కదా విషయం?

మన ప్రాంతంలో సూది అంటే మందు. జ్వరం వచ్చినా, నడుము పట్టినా, వరి నాట్లకు ముందు ఒంట్లో సత్తువ లేదనిపించినా “ఒక సూది వేయించుకో” అంటారు. మా చిన్నప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేయకుండా మాత్రలిచ్చి పంపిన రోజున, జనం పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గరకు పోయేవారు. అటువంటి ఊళ్ల నుంచి వచ్చిన మనిషికి మీరు ఏమీ చెప్పకుండా సూది గుచ్చితే, ఆయన బయటకు వచ్చి “మెడలోకి మందు ఎక్కించారు, ఆరు నెలలు పనిచేస్తుందట” అని చెబుతాడు. కరీంనగర్ బస్సులో నా చెవులతో విన్న మాట ఇది. పక్క సీటాయన అది ఏ మందో కనుక్కోమన్నాడు. ఆ మందు పేరు రేపు ఎవరో ఒకరు కనిపెడతారు, ఏ స్టెరాయిడో మెడలోకి ఎక్కించి పంపుతారు. మీ మౌనం అక్కడిదాకా పోతుంది.

చెప్పడానికి మీ దగ్గర మంచి కథే ఉంది. అమెరికా వైద్యురాలు జానెట్ ట్రావెల్, కెన్నెడీ నడుము నొప్పికి చికిత్స చేసి, ఆయన అధ్యక్షుడయ్యాక ఆయనకు వైద్యురాలైన ఆవిడే, కండల్లో బిగుసుకుపోయిన ముడులను వెతికేది. నొక్కితే నొప్పి ఇంకెక్కడో పుట్టే ముడులు, నా భుజంలో దొరికినలాంటివి. వాటిలోకి ప్రొకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఎక్కించేది. ఆ తరువాత పని చేస్తున్నది మందా, సూదా అన్న అనుమానం వచ్చింది. చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 241 మందికి ఉత్త సూదితోనే చికిత్స చేసి 1979లో ఫలితాలు ప్రచురించాడు. సూది మొన సరిగ్గా నొప్పి ఉన్న చుక్కకు తగిలితే నూటికి 86కు పైగా చోట్ల అప్పటికప్పుడే నొప్పి తగ్గిందన్నాడు. మీరు ప్రకటనల్లో వాడుకోదగ్గ లెక్క ఇది. అదే వ్యాసంలో ఇంకో లెక్క ఉంది, అది ప్రకటనల్లోకి రాదు. తరువాత కూడా వాకబు చేసిన 288 చోట్లలో నొప్పి పూర్తిగా పోయింది 92 చోట్ల. 58 చోట్ల నెలల పాటు, 63 చోట్ల వారాల పాటు తగ్గింది. 32 చోట్ల కొన్ని రోజులే. పైగా పోల్చి చూడటానికి సూది వేయని మరో గుంపును పెట్టుకోని పరిశీలన అది.

తరువాత వచ్చిన పరిశోధనలు కూడా దాదాపు ఆ దారిలోనే ఉన్నాయి. కొన్ని రోజులు, కొన్ని వారాలు నొప్పి తగ్గించడంలో సూదికి కొంత బలం కనిపిస్తోంది. దీర్ఘకాలంలో దాని మేలుకు గట్టి ఆధారం లేదు. అసలు ఆ ముడి అనేది ఏమిటన్న దాని మీదే నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నాలుగున్నరేళ్లు చదివారు. పార్లమెంటు 2021లో చేసిన చట్టంతో మీ వృత్తికి జాతీయ కమిషన్ కూడా వచ్చింది. పేరుకు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా లేదా అన్న గొడవలోకి నేను రాను. తెలుగు పండితులం, పేర్ల ముందు తగిలించుకునే వాటి గురించి మాట్లాడే అర్హత మాకు లేదు. కానీ అంత చదివినవారు పది సిట్టింగుల డబ్బు ముందే ఎలా అడుగుతారు? మూడో సిట్టింగుకే తగ్గిపోతే మిగతా ఏడూ ఎందుకు? మూడింటికీ తగ్గకపోతే మిగతా ఏడూ మరీ ఎందుకు?

ఇక రెండో కేంద్రం. ఇది హనుమకొండలో. సూది పేరు వింటేనే అమ్మ ముడుచుకుపోయింది. నేనే బతిమాలి తీసుకెళ్లాను. అక్కడి ఫిజియో కుర్రాడే, మా బడిలో చదివిన పిల్లల ఈడు. మొదటి రోజు సూది తీయనే లేదు. మాత్రల సంచి బల్ల మీద బోర్లించమన్నాడు. ఎడమ భుజం కాబట్టి, అది గుండె నొప్పేమోనని, నడిచినప్పుడు నొప్పి ఎక్కువవుతుందా, ఆయాసం వస్తుందా అని అడిగాడు. చేతిలో పట్టు చూశాడు, వేళ్లలో తిమ్మిర్లున్నాయా అని కనుక్కున్నాడు. గుండె డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడాడు. మాత్ర మాత్రం ఒక్క రోజు కూడా ఆపవద్దని అమ్మకు రెండుసార్లు చెప్పాడు. ఆ తరువాత అన్న మాట నేను మరిచిపోలేను.

“పెద్దమ్మా, వచ్చేసారి చాట పట్టుకురా.”

అమ్మ నిజంగానే తెచ్చింది. జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా హనుమకొండ దాకా ఒడిలో చాట, అందులో కత్తెర, తడిగుడ్డలో చుట్టిన తునికి ఆకు, డబ్బాలో తంబాకు. కండక్టరు కూడా నవ్వాడట. ఫిజియోథెరపీ గది నేల మీద, కరెంటు పెట్టే మిషన్ పక్కన, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని అమ్మ బీడీలు చుట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. పదకొండు బీడీలు. ఆ కుర్రాడు నేల మీద ఆమె పక్కనే కూర్చుని చూశాడు. మధ్యలో ఒకసారి పడుకుని కింద నుంచి కూడా చూశాడు.

“కత్తిరించేటప్పుడు తల వంచితే అర్థం ఉంది. దారం కట్టేటప్పుడు కూడా ఎందుకు అంత వంచుతున్నావు? ఆ పని నీ వేళ్లకు కంఠతా వచ్చు కదా” అన్నాడు.

“దారం కనపడదు బిడ్డా” అంది అమ్మ.

అద్దాలు తొమ్మిదేళ్ల కిందటివి. నేను కూతురినై ఉండి గమనించలేదు. తమ్ముడు గమనించలేదు. ఎనిమిది సూదులు గుచ్చినవారికి ఎలాగూ పట్టలేదు. చూపు ఆనక ఆమె ఏళ్ల తరబడి మెడను చాట మీదకు వంచుతోంది. వేయి బీడీలంటే వేయి సార్లు దారం కట్టాలి. ఆ రోజు కంటి పరీక్ష చేయించాం. అద్దాలు మార్చాం. చాట ఒడిలో కాకుండా కాస్త ఎత్తుగా ఉండేలా కింద పీట వేసుకోమన్నాడు, నడుము వెనక దుప్పటి మడత పెట్టుకోమన్నాడు. ప్రతి కట్టకు ఒకసారి భుజాలు చెవుల దాకా ఎత్తి వదలమన్నాడు. ఈ ఆఖరిది అమ్మకు తెగ నచ్చింది. కట్ట కట్టినప్పుడల్లా చేస్తుంది, వాడకట్టు ఆడవాళ్లకు కూడా నేర్పింది.

సూది వేశాడా? వేశాడు. రెండో వారం, రెండే రెండు. పడుకోబెట్టి వేశాడు, కూర్చుంటే కళ్లు తిరిగి పడేవాళ్లుంటారట. వేసే ముందు ప్యాకెట్ చింపి, సూదిని అమ్మ కళ్ల ముందు పెట్టాడు. పావు మిల్లీమీటరు మందం. పక్కన మామూలు ఇంజెక్షన్ సూది పెట్టి చూపించాడు, అది దానికి రెట్టింపు పైనే. “దీనిలో మందు లేదు పెద్దమ్మా. బిగిసిన కండను కదిలించడానికే. రెండు రోజులు సలుపుతుంది. తగ్గితే ఆ తగ్గిన రోజుల్లోనే నేను చెప్పినవి చెయ్యాలి, లేకపోతే మళ్లీ బిగుసుకుంటుంది. ఇది వద్దనుకుంటే వద్దను, వేరే పద్ధతులున్నాయి” అన్నాడు. నా లెక్కన అర నిమిషం పట్టింది. అమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. ఆమెను ఆ సంగతి అడిగిన మొదటి మనిషి అతనే.

తీశాక ఎన్ని గుచ్చాడో అన్నీ లెక్క చూసుకుని తెల్ల డబ్బాలో వేశాడు. దూదితో చాలాసేపు నొక్కి పట్టాడు. పంపేటప్పుడు ఒక తెలుగు కాగితం చేతిలో పెట్టాడు: ఈ రాత్రి, రేపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా, ఆగని పొడి దగ్గు వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి సూది వేయించుకున్నామని చెప్పండి.

ఆ కాగితం చదివి నేను భయపడ్డాను. మెడకు సూది వేస్తే ఊపిరి ఎందుకు ఆడదు? అతనే బొమ్మ గీసి చెప్పాడు. ఊపిరితిత్తి పైకొన మనం అనుకున్నట్టు పక్కటెముకల లోపలే ఆగదు, కాలర్ ఎముక దాటి ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్లు పైకి వస్తుంది. భుజం మీద కండను పైకెత్తి పట్టుకోకుండా నిలువుగా సూది దింపితే, ముఖ్యంగా మా అమ్మలాంటి ఎముకల మనిషికి, మొన అక్కడిదాకా పోవచ్చు. ఊపిరితిత్తికి రంధ్రం పడి గాలి బయటకు వస్తుంది. అరుదే. కానీ కొన్నిసార్లు గంటల తరువాత గాని తెలియదు, అప్పటికి మనిషి ఊరి బస్సు ఎక్కేసి ఉంటుంది. రెండు రోజుల శిక్షణలో సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు ఈ రెండున్నర సెంటీమీటర్లను తలచుకోవాలి. మీ దగ్గర మసాజు నేర్చుకున్న కుర్రాళ్లకు, సూది మీద మోజు పడ్డ ఆర్‌ఎంపీలకు “నువ్వూ చెయ్యి, తేలికే” అని అనకండి. తేలిక కాదని మీకు తెలుసు.

ఇంకో మాట. మీ కేంద్రాలకు వచ్చే మెడలూ భుజాలూ ఎవరివి? ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలవి. కొత్తవాడలో జంపఖానాలు నేసే వారివి. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేసిన భుజాలకు ఏ గుర్తింపూ రాలేదు. పత్తి ఏరే ఆడవాళ్లవి, గ్రానైటు క్వారీల్లో పనిచేసేవారివి, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే వారివి. వీళ్లెవరూ చేస్తున్న పని మానుకోలేరు. “బరువులెత్తవద్దు, తల వంచవద్దు” అని రాసిచ్చే కాగితాలు మా ఇంట్లో కూడా ఉన్నాయి, అమ్మ వాటిలో తంబాకు పొట్లం కట్టింది. బస్తా ఏ భుజం నుంచి ఏ భుజానికి మారాలో, మగ్గం ముందు పీట ఎంత ఎత్తుండాలో చెప్పాలంటే మీరు ఒకసారి చూడాలి. నెలకో ఆదివారం కొత్తవాడకో, మార్కెట్ యార్డుకో, ఒక బీడీల వాడకో వచ్చి కూర్చోండి. సూదులు తేనక్కర్లేదు. టీ మేం పోస్తాం.

అమ్మ నొప్పి పూర్తిగా పోలేదు. అరవై ఎనిమిదేళ్లు, నలభై ఏళ్ల చాట. కానీ కిందటి ఏడాది సద్దుల బతుకమ్మ నాడు గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్న మనిషి, ఈ ఏడాది వంగి లేచి చప్పట్లు కొడుతూ మూడు పాటలు ఆడింది. నాలుగో పాటకు కూర్చుని కొత్త అద్దాలు తుడుచుకుంది.

మా అమ్మ వాడకట్టు నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చే సోమవారం జగిత్యాలలో మీలో ఎవరో ఒకరి దగ్గరకు వస్తున్నారు. ఒకామెకు షుగరు, ఇంకొకామెకు మూడో నెల. ఆ రెండో ఆమె అడిగితే తప్ప చెప్పదు. ఇద్దరికీ నేను చెప్పి పంపుతున్నాను: మాత్రల సంచి బల్ల మీద పెట్టండి, ప్యాకెట్ చింపే దాకా భుజం చూపించకండి, “ఇది ఉత్త సూదేనా?” అని అడగండి. అడిగినప్పుడు నవ్వకండి.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి కూతురు,
హనుమకొండ